ఆఖరివాడి పిడికిలి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట అన్నది నేను కాదు, మా ఆవిడ. పెళ్ళైన నాలుగో రోజున మొదటిసారి అంది, ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉంది. నా పని వడ్రంగం. తలుపులు, కిటికీలు, వంటింటి అల్మారాలు చేస్తాను. చెక్క చెప్పినమాట వినకపోతే దాన్ని కూడా తిడతాను. అలాంటి నాకు కొండబాట మీద మాత్రం మహా మర్యాదస్తుడని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది. ఎలాగో చెబుతాను, మధ్యలో అడ్డం రాకండి.

మా ఊరి చివర ఒక కొండ ఉంది. అడవి ఆఫీసువాళ్ళు దాని మీదికి ఒక మట్టిబాట వేశారు. నడిచేవాళ్ళకీ అదే, లావు టైర్ల సైకిళ్ళవాళ్ళకీ అదే. వెడల్పు ఎంతంటే ఒక తలుపు రెక్క అడ్డంగా పెడితే చాలు, ఇంక చోటుండదు. ఒక పక్క రాతి గట్టు, ఇంకో పక్క ముళ్ళూ బండలూ. ఆదివారం పొద్దున్నే మేం ఆరేడుగురం సైకిళ్ళు తొక్కుకుంటూ పైకెళ్ళి, దిగి వచ్చేవాళ్ళం. మొదట్లో నడిచేవాళ్ళకీ మాకూ వారంవారం యుద్ధమే. "బాట మీ తాతదా?" అని వాళ్ళు, "మీ ముత్తాతదా?" అని మేము. ఒకాయనైతే నా మీదికి చేతికర్ర విసిరాడు. గురి బాగా ఉంది ఆయనకి, హెల్మెట్‌కి తగిలింది.

ఇలా కాదని నేనే పూనుకున్నాను. మిగిలిపోయిన టేకు పలక ఒకటి చిత్రిక పట్టి, దాని మీద ఉలితో రూల్సు చెక్కి బాట మొదట్లో పాతాను. దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి. మనిషి కనిపిస్తే గంట కొట్టాలి, నెమ్మదించాలి. సైకిలు తిరగేసుకుని కూర్చున్నవాడు కనిపిస్తే "ఏమైనా కావాలా?" అని అడక్కుండా దాటిపోకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, మన వెనక ఇంకా ఎంతమంది వస్తున్నారో ఎదురైనవాళ్ళకి చెప్పాలి. నడిచే మనిషి ఒక సైకిలుకి పక్కకి తప్పుకుని, అయిపోయిందనుకుని మళ్ళీ బాటలోకి వస్తే, రెండోవాడు వచ్చి గుద్దుతాడు. అందుకని ఆ లెక్క. "ఇంకా ముగ్గురు", "ఇంకా ఇద్దరు", "నేనే ఆఖరు". ఏడాది తిరిగేసరికి గొడవలు పోయాయి. జనం నన్ను చూసి చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. ఇంట్లో పిల్లిని కూడా కసిరే మనిషికి బయట ఇంత గౌరవమేమిటని మా ఆవిడ ఆశ్చర్యపోయేది.

వేళ్ళ సంగతి గొడుగావిడ వల్ల వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పోస్టాఫీసులో చేసి రిటైరైంది. ఎండైనా వానైనా చేతిలో గొడుగుతో వారానికి నాలుగు రోజులు కొండెక్కేది. ఒకసారి నేను గంట కొట్టీ కొట్టీ, ఆవిడ తప్పుకోకపోయేసరికి బ్రేకులు అరిగేలా ఆపి, ఆవిడకి అడుగు దూరంలో ఆగాను. అరవబోయాను కూడా. ఆవిడ నా మొహం చూసి, "నాకు గంట వినపడదు నాయనా. నువ్వు అరిచినా వినపడదు. పెదాలు కనిపిస్తే మాట పట్టుకుంటానంతే" అంది. నా కోపం అక్కడికక్కడే చల్లారింది. ఆవిడ కోసమే వేళ్ళు పెట్టాను. వెనక ముగ్గురుంటే మూడు వేళ్ళు, ఇద్దరుంటే రెండు, ఒకడుంటే ఒకటి. ఆఖరివాడు పిడికిలి చూపించాలి. "పిడికిలి కనిపించేదాకా పక్కనే నిలబడండమ్మా, కనిపించాక నిశ్చింతగా నడవండి" అని చెప్పాను. "అంటే నువ్వు పిడికిలి చూపిస్తే కొట్టడానికి కాదన్నమాట" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రూలు ప్రకారం ఆవిడ ఎక్కుతోంది, మేము దిగుతున్నాం, ఆగాల్సింది మేమే. వింటేనా! "ఊపిరి తీసుకోడానికి నాక్కూడా ఒక వంక కావాలి, మీరు పొండి" అని గట్టువారగా నిలబడి, గొడుగు మడిచి, ఒక్కొక్కరి వేళ్ళూ చూసి తల ఊపేది. పోస్టాఫీసు మనిషి కదా, లెక్క తప్పేది కాదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక మా బామ్మర్ది. లిఫ్టు మెకానిక్కు. ముప్పై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, మా మేడ మీద గదిలోనే ఉంటాడు. నోట్లో నాలుక లేనివాడు. నా కోపం, వాడి నిదానం చూసి మా ఆవిడ, "మీ ఇద్దర్నీ కలిపి రుబ్బి రెండు ముద్దలు చేస్తే చక్కని మనుషులు తయారవుతారు" అనేది. వాడికి సైకిలు నేర్పింది నేనే, కొండెక్కించింది నేనే. వాడికి నేనంటే గురి. నేను చెక్కిన రూల్సు నాకంటే వాడే ఎక్కువ పాటించేవాడు.

ఆ ఆదివారం ముగ్గురమే వచ్చాం. మందుల షాపాయన, నేను, మా బామ్మర్ది. పైకెళ్ళి నీళ్ళు తాగి దిగబోతుంటే, ఎవరో కొత్తవాడు సైకిలు తిరగేసుకుని కూర్చున్నాడు. చెయిను తెగింది. మా వాడు వెంటనే చతికిలబడి సంచీలోంచి సామాన్లు తియ్యడం మొదలుపెట్టాడు. నాకేమో పది గంటలకి ఒకాయన ఇంటికి కొలతలకి వెళ్ళాలి. అంతకుముందు వారం ఆలస్యంగా వెళ్ళి మాట పడ్డాను. మందుల షాపాయన ముందే బయల్దేరిపోయాడు.

"ఒరేయ్, లే. ఊళ్ళో తెగిన చెయిన్లన్నీ నీవేనా?" అన్నాను.

"ఐదు నిమిషాలు బావా."

"నీ ఐదు నిమిషాలు నాకు తెలుసు. నువ్వు లిఫ్టు బాగుచేసేలోపు జనం మెట్లెక్కి ఇంటికెళ్ళి పడుకుంటారు."

కొత్తవాడు కిసుక్కున నవ్వాడు. మా వాడు తలెత్తకుండానే, "నువ్వు చెక్కిన రూలే కదా బావా" అన్నాడు. వాడు ఎత్తిపొడవలేదు. వాడికి ఎత్తిపొడవడం రాదు. కానీ పరాయివాడి ముందు నా రూలు నాకే చెప్పేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఇష్టం. వస్తే రా, లేకపోతే ఇక్కడే కాపురం పెట్టుకో. ఇవాళ్టినుంచి నువ్వు నాతో వచ్చినవాడివి కాదు" అని సైకిలెక్కి దిగిపోయాను.

మూడో మలుపు కింద గొడుగావిడ నిలబడి ఉంది. మందుల షాపాయన రెండు వేళ్ళు చూపించి వెళ్ళాడు. నేను ఒక వేలు చూపించాలి.

పిడికిలి చూపించాను.

మర్చిపోయి కాదు. పొరపాటున కాదు. చెయ్యెత్తేటప్పుడు వాడు గుర్తున్నాడు. గుర్తున్నాడు కాబట్టే వేలు ముడిచాను. వాణ్ణి లెక్కలోంచి తీసేస్తే నా కసి తీరుతుందనిపించింది. ఎంత చిన్న కసి! వినేవాళ్ళకి నవ్వొస్తుంది, నాకు తెలుసు.

ఆవిడ ఊరుకోలేదు. గొడుగు అడ్డం పెట్టి నన్ను ఆపింది. "షాపాయన రెండన్నాడే. నీ తర్వాత ఇంకొకరు ఉండాలి కదా?"

"ఎవరూ లేరమ్మా. నేనే ఆఖరు" అన్నాను, పెదాలు కనిపించేలా.

"లిఫ్టు అబ్బాయి రాలేదా ఇవాళ?"

"వాడు రాడు. మీరు నడవండి."

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?"

ఆవిడతో కూడా విసుగ్గా మొహం పెట్టి తొక్కుకుంటూ పోయాను. కొంచెం కిందికెళ్ళాక ఒకసారి తిరిగి చూశాను. గొడుగు పొడుచుకుంటూ బాట మధ్యకి వచ్చి, ఎత్తువైపు నడుస్తోంది. బాట మధ్యలో మట్టి చదునుగా ఉంటుంది, ముసలి కాళ్ళకి అదే సుఖం. మలుపు ఇంకో ఇరవై అడుగులుంటుంది. అప్పుడైనా వెనక్కెళ్ళి ఉండొచ్చు. కనీసం ఆగి ఉండొచ్చు. వెళ్ళలేదు. కింద మందుల షాపాయన పక్కన ఆగి నీళ్ళు తాగుతూ, ఇంటికొచ్చాక వాణ్ణి ఏమేం తిట్టాలో కూర్చుకుంటున్నాను.

ఫోను మోగింది. "బావా, పైకి రా. గొడుగావిడ లేవట్లేదు. తలలోంచి రక్తం వస్తోంది. బావా, త్వరగా రా." వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

నేనూ మందుల షాపాయనా పరిగెత్తాం. ఆవిడ గట్టువారగా పడి ఉంది. మా వాడు తన చొక్కా తీసి ఆవిడ తల కింద పెట్టి, నేలమీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. వాడి భుజమెముక విరిగిందని ఆస్పత్రికెళ్ళేదాకా వాడికే తెలీదు. "మలుపు తిరిగేసరికి మధ్యలో ఉంది బావా. ఎప్పుడూ పక్కన నిలబడి ఉంటుంది కదా. ఉంటుందనుకున్నాను. బ్రేకు మీద చెయ్యే వెయ్యలేదు" అంటున్నాడు. ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

మందుల షాపాయన నా వైపు తిరిగి, "నేను రెండు చూపించాను. నువ్వు ఒకటి చూపించావు కదా?" అన్నాడు.

"చూపించాను" అన్నాను.

అంతే. ఆలోచించి అన్న అబద్ధం కాదు, నాలుక దానంతట అదే అనేసింది. సాయంత్రం అడవి ఆఫీసునుంచి మనిషి వచ్చి రాసుకుంటే అతనికీ అదే చెప్పి సంతకం పెట్టాను. రెండోసారి చెప్పేటప్పుడు కష్టం కూడా అనిపించలేదు.

ఆవిడ పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. కళ్ళు తెరవలేదు. మా వాడు భుజానికి కట్టుతో రోజూ వెళ్ళి ఆ వార్డు బయట నిలబడేవాడు. కుర్చీలున్నా కూర్చునేవాడు కాదు. ఆవిడకి ఒక్కతే కూతురు, కాలేజీలో లెక్కలు చెబుతుంది. మొదటి రెండు రోజులు వాడివైపు చూడలేదు. మూడో రోజు తనే వచ్చి, "కూర్చోండి, భుజం నొప్పెడుతుంది" అంది. అప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు నేను జన్మలో మర్చిపోను. నేనూ వెళ్ళేవాణ్ణి. నేనెందుకు వెళ్ళేవాణ్ణంటే, ఆవిడకి మెలకువ వస్తే మొదటిమాట ఏమంటుందో అని భయం. "ఆ వడ్రంగి ఎవరూ లేరన్నాడే" అంటుంది. తప్పకుండా అంటుంది. ఒకరోజు ఆ గాజు తలుపు ముందు నిలబడి, ఈవిడ లేవకపోతే బాగుండు అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను. పంతొమ్మిదో రోజు పొద్దున ఆవిడ పోయిందని కబురు తెలిసినప్పుడు నా గుండెల మీద బరువు దిగినట్టయింది. అలా అయినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

నా బరువు దిగింది, వాడి బరువు పెరిగింది. తిండి మానేశాడు. కట్టు విప్పాక పనిలోకెళ్ళాడు గానీ, లిఫ్టు గోతిలో దిగి చేతిలో పానాతో గంటసేపు అలాగే నిలబడిపోయాడట. సూపర్‌వైజరు భయపడి ఇంటికి పంపేశాడు. మా ఆవిడ వాడి గదిలోంచి బ్లేళ్ళు, మందుబిళ్ళలు, ఆఖరికి బట్టలారేసే తాడు కూడా కిందికి తెచ్చేసింది. తాడు చుట్టచుట్టి అల్మారాలో పెట్టింది. వాడు ఎప్పుడైనా నోరు విప్పితే ఒకటే ప్రశ్న. "ఆవిడ లెక్క ఎలా తప్పింది బావా? చెవులు పోయాయి గానీ లెక్క ఎప్పుడూ తప్పలేదే?" అని నన్నే అడిగేవాడు. నన్ను! నేను చెక్క వైపు చూస్తూ, "పెద్దవయసు కదరా" అనేవాణ్ణి. చచ్చిపోయిన మనిషి మీద తప్పు తోసేవాణ్ణి.

అల్మారాలో తాడు చూసిన రోజే నిర్ణయించుకున్నాను. అడవి ఆఫీసులో విచారణ ఉంది, అందరి ముందూ చెప్పేస్తాను, వాడి నెత్తిమీంచి ఇది దించేస్తాను, నన్నేం చేసినా సరే అని.

బుధవారం పదకొండింటికి పిలిచారు. చిన్న గది. ఇనప బల్ల, గోడకి కొండ పటం, కిర్రుమనే ఫ్యాను, మూల నీళ్ళ డబ్బా. రేంజి ఆఫీసరు, రాసుకునే గుమాస్తా, ఆవిడ కూతురు, మందుల షాపాయన, మేమిద్దరం. కూతురు కేసూ గీసూ వద్దని ముందే రాసిచ్చింది. ఇక తేలాల్సింది రెండే సంగతులు. బాట మీద సైకిళ్ళు ఉండాలా వద్దా, ఫైల్లో తప్పు ఎవరిదని రాయాలి.

ఆఫీసరు చదివాడు. "మృతురాలు వయసు రీత్యా లెక్క పొరబడి ఉండవచ్చు. అయినప్పటికీ, మలుపు దగ్గర వేగం తగ్గించకపోవడం సైకిలు నడిపిన వ్యక్తి నిర్లక్ష్యం."

నేను లేచాను. "ఆవిడ లెక్క పొరబడలేదండీ. నేను పిడికిలి చూపించాను."

గుమాస్తా రాయడం ఆపి ఆఫీసరు వైపు చూశాడు.

"ఇంకొకరుండాలి కదా అని ఆవిడ అడిగింది కూడా. ఎవరూ లేరని చెప్పాను. నేను చెబితేనే ఆవిడ బాటలోకి వచ్చింది. వాడి తప్పు లేదు. నాది."

ఆఫీసరు కాగితాలు వెనక్కి తిప్పాడు. "ఒక వేలు చూపించానని రాసిచ్చారు మీరు. ఇదుగో, సంతకం మీదే కదా?"

"నాదే. అది అబద్ధం."

"అప్పుడు అబద్ధం చెప్పారు, ఇప్పుడు నిజం చెబుతున్నారు."

"అవునండీ."

"పిడికిలి ఎందుకు చూపించారు?"

"కోపం వచ్చి."

"ఎవరిమీద?"

"వీడిమీద. ఎవరిదో చెయిను బాగుచేస్తూ కూర్చున్నాడని."

గుమాస్తా తల దించుకున్నాడు, నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఇన్ని వారాలు నా గొంతుకి అడ్డంపడ్డ నిజం ఇంతా చేస్తే ఇదీ. పైకి చెబితే పిచ్చివాగుడులా ఉంది. మందుల షాపాయన నా చొక్కా పట్టుకుని లాగాడు. "కూర్చోవయ్యా బాబూ. బామ్మర్ది మీద ప్రేముంటే ఉండొచ్చు గానీ, మరీ ఇంతా? నువ్వు తప్పుడు లెక్క చూపించడమేమిటి, ఎవరైనా నమ్మేమాట చెప్పు."

"నమ్మండయ్యా! ఒట్టు పెట్టమంటే పెడతాను!" అని అరిచాను. నా అరుపు విని ఆఫీసరు మొహంలో ఇంకా జాలి ఎక్కువైంది.

అప్పుడు కూతురు మాట్లాడింది. నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టు. "మీ గురించి అమ్మ ఇంట్లో చెప్పేదండీ. వినపడనివాళ్ళతో జనం విసుక్కుంటారు, ఆ వడ్రంగి మాత్రం నాకోసం ఒక భాష తయారుచేశాడు అనేది. ఆయన పిడికిలి చూపించాడంటే కళ్ళు మూసుకుని నడవొచ్చు అనేది. మీరు అలా చెయ్యరు. మీ బామ్మర్దిని కాపాడుకోవాలని చెబుతున్నారు, నాకు అర్థమవుతోంది. కానీ దయచేసి అమ్మ చావు మీద అబద్ధం చెప్పకండి."

ఆ కూతురి కాళ్ళమీద పడదామనుకున్నాను. పడితే దాన్ని కూడా నా మంచితనంలోనే కలిపేస్తారని అర్థమై ఆగిపోయాను. ఆ పిడికిలి చూసింది, నా మాట పట్టుకున్నది గొడుగావిడ ఒక్కతే. ఆవిడ బతికుండగా ఆ పంతొమ్మిది రోజుల్లో ఏ ఒక్కరోజు చెప్పినా నమ్మేవాళ్ళేమో. అబద్ధమైతే, ఆవిడ లేచి కాదంటుందేమోనన్న భయం ఉండేది కదా మరి!

మా వాడు లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళనిండా నీళ్ళు. "చాలు బావా. నాకోసం నువ్వు తలదించుకోవద్దు" అన్నాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "తప్పు నాదేనండీ. రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నారు. బాట మీద సైకిళ్ళు బందు. మా వాడు ఇక ఆ కొండ మీద కాలుపెట్టకూడదు. నిర్లక్ష్యం వాడిది. "నా పేరు రాయండి" అని నేను బల్ల మీద గుద్దితే గుమాస్తా ఒక వాక్యం చేర్చి చదివి వినిపించాడు. "బంధువు తీవ్ర ఆవేదనకు లోనయ్యారు." బయటికొస్తుంటే ఆఫీసరు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

నేను వీధులన్నీ తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. మా వాడు నాకంటే ముందే వచ్చి వాళ్ళ అక్కకి అంతా చెప్పేశాడు. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి పంపు కట్టేసింది.

"నిజమేనా?" అంది.

"నిజమే."

చేతులు తుడుచుకోకుండానే కింద కూర్చుండిపోయింది. "అనుకున్నాను. వాడు చెబుతుంటేనే అనుకున్నాను. వాడు మీ త్యాగం అంటున్నాడు, నాకేమో మీ కోపమే గుర్తొచ్చింది. కోపమొస్తే మీకు ఎదుటిమనిషి ఉన్నట్టే కనపడరు. అంతమందిలో ఒక్కరికి తెలీదు, నాకు తెలుసు" అంది. ఆ రోజు నా మాట నమ్మింది ఆవిడొక్కతే. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు.

"వాడికి నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు" అన్నాను.

"చెప్పను. మీరూ చెప్పకండి."

"తప్పు వాడిది కాదని తెలుస్తుంది కదే!"

"తెలిసి? గుద్దింది వాడి సైకిలే కదా. ఆవిడ రక్తం అంటింది వాడి చేతులకే కదా. అది ఎవరు తీస్తారు?" గొంతు తగ్గించింది, పైన వినపడుతుందని. "వచ్చినప్పటినుంచీ ఒకటే మాట. బావ నాకోసం అందరిముందూ నింద నెత్తినేసుకోబోయాడక్కా అని. అడక్కుండా కంచం ముందు కూర్చున్నాడు ఇవాళ. ఎన్నాళ్ళైందో తెలుసా? ఇప్పుడు ఆ బావే చేశాడని తెలిస్తే వాడు ఎవర్ని చూసుకుని బతకాలి? ముందే చెప్పాల్సింది. ఆవిడ ఉండగా చెప్పాల్సింది. ఇప్పుడు మీ మనసు తేలికపడటానికి వాణ్ణి బలిపెట్టకండి."

ఆవిడ చెప్పింది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. వాదించడానికి నోరు తెరిచాను. లోపల ఎక్కడో, అమ్మయ్య, చెప్పక్కర్లేదు అనిపించింది. నా బతుక్కి ఆ అమ్మయ్య ఒక అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున వాడు తనంతట తనే షెడ్డులోకి దిగివచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. నేను మంచం పట్టెలకి చిత్రిక పడుతున్నాను. పొట్టు ఊడ్చి ఒక మూలకి చేర్చి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"నిద్రపట్టింది బావా రాత్రి" అన్నాడు. "ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే ఆవిడే కనపడేది. రాత్రి నువ్వు బల్ల గుద్దడం గుర్తొచ్చింది. నాకూ ఒక మనిషున్నాడు అనుకున్నాను. అలాగే పట్టేసింది."

చిత్రిక ఆగిపోయింది. మా ఆవిడ మాట గుర్తుంది. అయినా ఉండలేకపోయాను. ఒక్క మనిషి, ఈ ఒక్క మనిషి నన్ను తిట్టాలి, చొక్కా పట్టుకోవాలి, అంతే అనిపించింది.

"ఒరేయ్, నా మొహం చూడు. నేను నిజంగానే పిడికిలి చూపించాను. నీమీద కోపంతో. నువ్వు రాలేదా అని ఆవిడ అడిగింది. ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగింది. వాడు రాడు, మీరు నడవండి అన్నాను. నిజం రా, నిజం."

వాడు నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడు తెలిసింది వీడికి అనుకున్నాను. అప్పుడు వాడి పెదాలు కదిలి, నెమ్మదిగా నవ్వు వచ్చింది. ఏడు వారాల్లో వాడు నవ్వడం అదే మొదలు.

"ఊరుకో బావా. అబద్ధమాడటం నీకు చేతకాదు. మొహంలోనే తెలిసిపోతుంది" అన్నాడు.

లేచి మంచం పట్టె రెండో కొస పట్టుకున్నాడు. నేను ఈ కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని బల్ల మీదికి ఎత్తాం. ఆ తర్వాత నేను మళ్ళీ చెప్పలేదు.